కాగితంలో నీళ్లెన్ని? ఎవరి లెక్క ప్రకారం?

గోదావరి జిల్లాల్లోని ఒక మిల్లులో అట్టపెట్టెలకు వాడే క్రాఫ్ట్ కాగితం రీలు తయారై లారీ ఎక్కిందనుకుందాం. వెంట వచ్చిన పరీక్షా పత్రంలో తేమ 7 శాతం అని ఉంది. ఆగస్టు ముసురులో ఆనందపురం పక్కన ఒక రేకుల షెడ్డులో దాన్ని దించారు. నాలుగు రోజులాగి, పెట్టెలు చేసే ఆసామి తన చేతి మీటరు గుచ్చితే 11 చూపించింది. అనుమానం తీరక ఒక ముక్క కోసి ల్యాబ్‌కు పంపాడు. అక్కడ 9 వచ్చింది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా బిల్లు ఆగుతుంది, ఫోన్లు మొదలవుతాయి, చివరికి కిలోకి ఎంతో కొంత తగ్గించి సర్దుకుంటారు.

కాగితంలో తేమను కొలవడం, అదుపులో పెట్టడం మీద వందేళ్లకు పైగా పని జరిగింది. ఆ పనినంతా ఒకచోట పరిచి చూస్తే, మిల్లు గోడల మధ్య ఈ సమస్య చాలావరకు లొంగింది. గోడ దాటాక కొలిచేవాళ్లు తగ్గిపోతారు. కొలిచినా ఎక్కడ, దేంతో, ఏ గాలిలో కొలిచారో రాసేవాళ్లు ఇంకా తక్కువ. మన తీరంలో నష్టం ఎక్కువగా జరిగేది ఆ రెండో భాగంలోనే.

ఆనందపురం అనగానే చాలామందికి పూల మార్కెట్ గుర్తొస్తుంది. కాగితానికీ ఇది ముఖ్యమైన మజిలీయే. విశాఖకు ఉత్తరాన 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. నగరాన్ని తప్పించుకుని అనకాపల్లి వైపు పోయే ఆరు వరసల రోడ్డు ఇక్కడే చీలుతుంది. రాయగడలో 1962లో మొదలైన జేకే మిల్లు నుంచి విజయనగరం మీదుగా విశాఖ వచ్చే లారీకీ, రాజమహేంద్రవరం వైపు నుంచి శ్రీకాకుళం పోయే లారీకీ ఇది దారిలోనే. తూర్పున భీమిలి సముద్రం ఎంతో దూరం లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ తీరంలో గాలి తేమ 70, 80 శాతం మధ్య ఆడుతుంది. ఇక్కడ తలుపు తీసి ఉన్న గోడౌన్‌లో పెట్టిన కాగితం మిల్లులో ఉన్నట్టు ఉండదు.

ఎందుకు ఉండదంటే, కాగితం పూర్తిగా ఎండిన వస్తువు కాదు. సెల్యులోజ్ నిండా నీటి అణువులను పట్టుకునే హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. చుట్టూ ఉన్న గాలితో కాగితం ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలి తేమ 50 శాతం ఉన్నప్పుడు మామూలు రాత కాగితం తన బరువులో 5 నుంచి 7 శాతం నీరు పట్టుకుంటుంది. అదే కాగితాన్ని 80 శాతం గాలిలో కొన్నాళ్లు ఉంచితే 9 నుంచి 12 దాకా పోతుంది. సుద్ద, చైనా క్లే లాంటి పూరకాలు ఎక్కువ వేసిన కాగితం కాస్త తక్కువ పీలుస్తుంది, ఎందుకంటే నీటిని పట్టేది నార, సుద్ద కాదు. ఇక్కడ రెండు శాతాలున్నాయి, ఒకటి గాలిది, ఒకటి కాగితానిది. గొడవల్లో సగం ఈ రెండూ కలిసిపోవడంతోనే మొదలవుతాయి.

ఇంకో చిక్కుంది. ఒకే గదిలో, ఒకే గాలిలో ఉన్నా, తడిగా ఉండి ఆరుతూ వచ్చిన కాగితంలో నీరు ఎక్కువ ఉంటుంది, పొడిగా ఉండి పీల్చుకుంటూ వచ్చిన కాగితంలో తక్కువ ఉంటుంది. తేడా ఒక శాతం దాకా రావచ్చు. కాగితం తన గతాన్ని మరిచిపోదన్నమాట. అందుకే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 187 ప్రకారం పరీక్షకు ముందు నమూనాను 35 శాతం లోపు గాలిలో పెట్టి, పొడి వైపు నుంచే 23 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలోకి తేవాలి. ఉష్ణదేశాలకు 27 డిగ్రీలు, 65 శాతం అని వేరే లెక్క ఉంది. మన భారతీయ ప్రమాణాలు చాలాకాలం నడిచింది దాని మీదే. రెండు గదుల్లోనూ ఒకే కాగితాన్ని పరీక్షిస్తే తేమలో ఒకటిన్నర శాతం వరకు తేడా కనిపించడం మామూలే. 65 శాతం గదిలో లాగుడు బలం తగ్గుతుంది, చిరుగుడు బలం పెరుగుతుంది. ఏ గదిలో పరీక్షించారో రాయని రిపోర్టును నేనైతే సగం రిపోర్టుగానే చూస్తాను.

మిల్లు గోడల మధ్య

మిల్లు అసలు పని నీళ్లు తీసేయడమే అంటే అతిశయోక్తి కాదు. తీగజల్లెడ మీదకు వచ్చే పల్చని గుజ్జులో నార ఒక శాతం కూడా ఉండదు. 0.7 శాతం అనుకుంటే, టన్ను కాగితానికి దాదాపు 130 టన్నుల గుజ్జునీరు జల్లెడ మీద పోయాలి. చాలావరకు జల్లెడలోంచే కారిపోతుంది. జల్లెడ చివర నార ఐదో వంతుకు చేరుతుంది. ఆ తర్వాత ప్రెస్ రోలర్లు పిండి 40 నుంచి 50 శాతానికి తెస్తాయి. మిగిలింది ఆవిరితో కాగే ఇనుప డ్రమ్ముల వంతు. 40 శాతం దగ్గర డ్రయర్‌లోకి పోయి 94 దగ్గర బయటికొచ్చే టన్ను కాగితం కోసం సుమారు 1.35 టన్నుల నీటిని ఆవిరి చేయాలి. ఖర్చంతా ఇక్కడే. ప్రెస్ దగ్గర 40కి బదులు 41 తేగలిగితే డ్రయర్‌కు పోయే నీరు 4 శాతం తగ్గుతుంది. మిల్లు ఇంజనీర్లు ఈ 4 శాతం సంగతి నిద్రలో లేపినా చెబుతారు.

ఆఖరున 5, 6, 7 శాతాల దగ్గర ఆపడమే కష్టం. పరుగెత్తే కాగితాన్ని కోసి ఓవెన్‌లో పెట్టి ఫలితం కోసం గంటలు ఆగితే ఈలోపు ఎన్నో రీళ్లు చుట్టేస్తారు. దీనికి దారి 20వ శతాబ్దం రెండో సగంలో దొరికింది. 1950లో అమెరికాలోని కొలంబస్‌లో మొదలైన ఇండస్ట్రియల్ న్యూక్లియోనిక్స్, 1968లో కాలిఫోర్నియాలో పుట్టిన మెజరెక్స్ కంపెనీలు నడుస్తున్న కాగితాన్ని తాకకుండా కొలిచే యంత్రాలను మిల్లులకు తెచ్చాయి. మొదటిదాని వారసత్వం నేడు ఏబీబీ దగ్గర, రెండోదానిది హనీవెల్ దగ్గర ఉంది. క్రిప్టాన్-85 లాంటి రేడియోధార్మిక మూలం నుంచి వచ్చే బీటా కిరణాలు కాగితం మొత్తం బరువు చెబుతాయి. తేమను చెప్పేది ఇన్‌ఫ్రారెడ్ కాంతి. 1.94 మైక్రాన్ల దగ్గర నీరు ఆ కాంతిని గట్టిగా మింగుతుంది, 1.8 దగ్గర పెద్దగా మింగదు. రెండింటి నిష్పత్తి చూస్తే నీరెంతో తెలుస్తుంది. మందపాటి బోర్డులకు మైక్రోవేవ్ వాడతారు.

ఇంత గొప్ప యంత్రానికీ ఒక పరిమితి ఉంది. సెన్సర్ ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతూ ఉంటే కింద కాగితం పరుగెడుతూనే ఉంటుంది. నిమిషానికి 800 మీటర్ల వేగంలో ఒక అంచు నుంచి రెండో అంచుకు పోవడానికి 25 సెకన్లు పడితే ఆలోపు 330 మీటర్లకు పైగా కాగితం దాటిపోతుంది. సెన్సర్ చూసింది అందులో ఒక ఏటవాలు గీత మాత్రమే. తేడా కనిపిస్తే అది అడ్డంగా ఉన్న తేడానా, కాలంతో వచ్చిన తేడానా అని విడదీయడానికి గణితజ్ఞులు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నారు. అడ్డం తేడాను సరిచేయడానికి ఆవిరి పెట్టెలు, సన్నని నీటి జల్లు, ఇన్‌ఫ్రారెడ్ హీటర్లు ఉన్నాయి. పాత పద్ధతి ఇంకోటుంది: అన్నిచోట్లా 3, 4 శాతానికి దింపి, అంటే అవసరానికి మించి ఎండగట్టి, తడి చారలు పోగొట్టడం. ఆవిరి దండగ, నార పెళుసు. పని జరుగుతుంది కనుక ఈ అలవాటు ఇంకా పోలేదు.

ఈ యంత్రాలకు పెట్టిన డబ్బు తిరిగొచ్చే దారి ఒకటుంది, దాని గురించి పెద్దగా చెప్పుకోరు. ఒప్పందంలో గరిష్ఠం 7 శాతం అనుకోండి. తేమ ఒక శాతం అటూ ఇటూ ఊగే మిల్లు 6 దగ్గర నడపాలి. ఊగుడు అర శాతానికి తగ్గించుకున్న మిల్లు 6.5 దగ్గర నడపగలదు. ఆ అర శాతం నీటిని కాగితం ధరకు అమ్ముకోవచ్చు, ఆవిరీ మిగులుతుంది. మోసమేమీ కాదు, కొనేవాడు ఒప్పుకున్న హద్దులోనే ఉంది. అయితే తేమ అదుపు అంటే నాణ్యత కోసమే అని మిల్లు చెప్పే మాట వదిలేసే సగం నిజం ఇది.

1924లో మొదలైన రాజమహేంద్రవరం మిల్లు, నిజాం కాలంలో 1938లో స్థాపించిన సిర్పూర్ మిల్లు, 1979 నుంచి సారపాకలో నడుస్తున్న భద్రాచలం పేపర్‌బోర్డ్స్, ఇలా తెలుగు నేల కాగితంలో వెనకబడి ఏమీ లేదు. సిర్పూర్ 2014లో మూతబడి 2018లో జేకే చేతుల్లో మళ్లీ తెరుచుకుంది. పాత కాగితం కరిగించి క్రాఫ్ట్ తీసే చిన్న మిల్లులు దేశంలో కోకొల్లలు. పెద్ద మిల్లు లెక్కలు వాటికి వర్తించవు. స్కానర్ లేనిచోట రీలు మీద అరచేయి పెట్టి, చెవి దగ్గర కాగితం ఆడించి తేమ చెప్పే అనుభవజ్ఞులే ఆధారం. ఆ చెయ్యిని నేను తక్కువ చేయను. కానీ రాత్రి షిఫ్టులో ఆ చెయ్యి సెలవు పెడితే?

మూడు అంకెల సంగతి

అన్ని కొలతలకూ న్యాయస్థానం ఓవెన్. నమూనాను తూచి, 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గకుండా నిలిచేదాకా ఎండబెట్టి, గాలి సోకకుండా చల్లార్చి మళ్లీ తూస్తారు. ఐఎస్ఓ 287 చెప్పేది ఇదే. పోయిన బరువును మొదటి బరువుతో భాగిస్తే తేమ శాతం. ఇందులో లోపం ఓవెన్‌ది కాదు, దారిది. కోసిన ముక్కను మామూలు కవరులో పెట్టి స్కూటర్ డిక్కీలో తీసుకుపోతే ల్యాబ్ కొలిచేది దారిలోని గాలిని. మూత బిగిసే డబ్బాలో పెట్టి, అక్కడికక్కడే తూచి పంపాలి. ఈ ఒక్క జాగ్రత్త లేకుండా వచ్చిన ల్యాబ్ రిపోర్టులతో ఎన్ని గొడవలు తేలాయో తలుచుకుంటే నవ్వొస్తుంది.

చేతి మీటర్లు వేరే జాతి. రెండు సూదులు గుచ్చేవి విద్యుత్ నిరోధాన్ని చూస్తాయి. వీటిలో చాలావరకు కలప కోసం చేసినవి. కలప లోకంలో తేమను ఎండిన బరువు మీద లెక్కకడతారు, కాగితం లోకంలో మొత్తం బరువు మీద. కాగితం లెక్కలో 9 శాతం కలప లెక్కలో దాదాపు 10. దానికి తోడు పాత కాగితంతో చేసిన క్రాఫ్ట్‌లో లవణాలు మిగిలి ఉంటే కరెంటు సులువుగా పారి మీటరు ఇంకా ఎక్కువ చూపిస్తుంది. ఉపరితలానికి ఆనించే కెపాసిటెన్స్ మీటర్లు సూదుల కన్నా నయం, కానీ కాగితం మందం, సాంద్రత, ఎంత గట్టిగా నొక్కారన్నది, అన్నీ అంకెను మారుస్తాయి. ఒకే రకం కాగితానికి ఓవెన్‌తో సరిచూసుకుని, మంచి చెడ్డలు పోల్చుకోవడానికి వాడితే పనికొస్తాయి. బిల్లు కోయడానికి కాదు.

ఇప్పుడు మొదటి లెక్క విప్పుకోవచ్చు. మిల్లు 7 అన్నది రీలు చుట్టే క్షణంలో, కాగితం వేడిగా ఉన్నప్పుడు, అన్ని పొరల సగటు. ల్యాబ్ 9 అన్నది పై పొరలోంచి కోసిన ముక్కకు. బిగుతుగా చుట్టిన రీలులోకి తేమ పై చుట్ల నుంచి, అంచుల నుంచి మాత్రమే మెల్లగా పోతుంది. నడిమి భాగం ఇంకా 7 దగ్గరే ఉండొచ్చు. మీటరు 11 అన్నది ఆ 9ని కలప లెక్కలోకి మార్చి, పైన లవణాల వంతు కలిపి. మూడూ నిజాలే, మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ముద్రణాలయాల వాళ్లు దీనికి ఎప్పుడో తెలివైన దారి కనిపెట్టారు. కత్తిలా పల్చగా ఉండే హైగ్రోమీటరును కాగితాల దొంతరలోకి దూర్చి, ఆ షీట్ల మధ్య గాలి తేమ ఎంతో చూస్తారు. కాగితంలో నీరెంత అని అడగరు, ఈ కాగితం ఏ గాలితో సరితూగి ఉంది అని అడుగుతారు. దొంతరలో 50, గదిలో 75 అని తేలితే కాగితం తేమ పీల్చబోతోందని పూరకాలు, లవణాల బెడద లేకుండా వెంటనే తెలిసిపోతుంది. తీరప్రాంతంలో ఒకే కొలత పెట్టుకోమంటే నేను ఓటేసేది దీనికే. 1783లో శాస్త్రవేత్త సోసూర్ మనిషి వెంట్రుకతో చేసిన తేమమాపకం నుంచి నేటి చవక ఎలక్ట్రానిక్ సెన్సర్ల దాకా గాలి తేమను కొలిచే పని ఎంతో సులువైంది. సెన్సర్ నిజం చెబుతోందా అని చూడ్డానికి వంటింటి ఉప్పు చాలు. ఉప్పును కొద్ది నీళ్లతో ముద్దలా తడిపి మూత ఉన్న డబ్బాలో సెన్సర్‌తో పాటు కొన్ని గంటలు ఉంచితే, లోపలి గాలి 25 డిగ్రీల దగ్గర 75 శాతానికి వచ్చి నిలుస్తుంది. సెన్సర్ 68 అంటే ఎంత అబద్ధమాడుతోందో తెలిసినట్టే.

ప్రెస్సులో, పెట్టెలో

ఏసీ పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు, కాగితం కోసం. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని సాకెట్ అండ్ విల్‌హెల్మ్స్ ముద్రణాలయంలో వేసవి ఉక్కకు కాగితం సాగి రంగులు పొసగకపోతే, విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు గాలిని 55 శాతం తేమ దగ్గర నిలిపే ఏర్పాటు గీసిచ్చాడు. నార తడిస్తే పొడవులో ఒకటి రెండు శాతమే సాగుతుంది, అడ్డంగా మాత్రం 20 శాతానికి పైగా ఉబ్బుతుంది. కాగితంలో నార ఎక్కువగా మిషన్ నడిచే దిక్కులోనే పడుకుంటుంది కనుక షీట్ కూడా అడ్డంగానే ఎక్కువ సాగుతుంది. గాలి తేమ 10 శాతం మారితే అడ్డంగా 0.1 శాతం సాగడం సాధారణం. మీటరు వెడల్పు షీట్‌లో అది ఒక మిల్లీమీటరు. నాలుగు రంగుల ముద్రణ ఓర్చుకునేది అందులో పదో వంతు.

పెద్ద ప్రెస్సుల్లో నాలుగు రంగులూ ఒకే పరుగులో పడిపోతాయి, కాగితం సాగే వ్యవధి ఉండదు. బాధంతా ఒకటి రెండు రంగుల మిషన్ మీద పెళ్లి కార్డులు, క్యాలెండర్లు వేసే చిన్న ప్రెస్సులది. ఈరోజు పసుపు, నీలం వేసి రేపు మిగతావి వేద్దామని దొంతరను విప్పి ఉంచితే, వానరాత్రికి అంచులు తేమ పీల్చి అలలు తిరుగుతాయి. పొద్దున్నే అమ్మవారి ముక్కుపుడక చెంప మీదకు జరుగుతుంది. ఆ రాత్రికి దొంతర మీద పాలిథిన్ కప్పి అంచులు మూసేస్తే సగం తిప్పలు తప్పుతాయి. ఖర్చు లేని ఈ పని చేయని ప్రెస్సులే ఎక్కువ.

1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖలో మొదలైన నాటి నుంచి ఈ తీరం దినపత్రికల ముద్రణకూ కేంద్రమే. రీలు మీద నడిచే పత్రిక ప్రెస్సుకు రంగుల పొసగుబాటు కన్నా తెగకుండా నడవడం ముఖ్యం. మరీ పొడిబారితే న్యూస్‌ప్రింట్ పెళుసెక్కి తెగుతుంది, అంచుకే తేమ పడితే ఒక వైపు వదులై ఊగుతుంది. జిరాక్స్ షాపు కథ ఇందుకు తలకిందులు. అక్కడ కాగితం వేడి రోలర్ల మధ్య పోతుంది, తేమ ఒక వైపు నుంచి హఠాత్తుగా లేచిపోతే వంకర తిరిగి ఇరుక్కుంటుంది. అందుకే ఆ కాగితాన్ని 4, 5 శాతం దగ్గరే ఉంచి, తేమ చొరబడని రేపరులో చుట్టి పంపిస్తారు. రేపరు చింపి రిమ్ము మొత్తం ట్రేలో వేసి వదిలేస్తే, మిల్లు పడ్డ శ్రమ తెల్లారేసరికి వృథా.

అసలు డబ్బు పోయేది మాత్రం అట్టపెట్టెల్లో. మన దేశంలో క్రాఫ్ట్‌ను జీఎస్ఎం, బీఎఫ్ అనే రెండు అంకెలతో కొంటారు, అమ్ముతారు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందన్నది. బీఎఫ్ అంటే కాగితాన్ని గుండ్రంగా బిగించి కింద నుంచి ఒత్తిడి పెడితే ఎంత ఒత్తిడికి పగులుతుందో జీఎస్ఎంతో పోల్చి చెప్పే అంకె. గోడౌన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చిన పెట్టె పగిలి చావదు, నలిగి చస్తుంది. పగులుడు బలం మధ్యస్థపు తేమల్లో పెద్దగా మారదు, నలుగుడు బలం మాత్రం తేమ పెరిగిన కొద్దీ దిగజారుతుంది. అంటే తీరప్రాంతపు పెట్టెను చంపే జబ్బును కనిపెట్టలేని పరీక్షతోనే మనం పెట్టెకు ధర కడుతున్నాం. అంచు నిలువుగా ఎంత బరువు మోస్తుందో, పెట్టె మొత్తం ఎంత మోస్తుందో చూసే పరీక్షలు ఉన్నాయి. ఎగుమతిదారులు అడిగితే చేస్తారు, అడగకపోతే బీఎఫ్‌తో సరిపెడతారు.

తేమకు, పెట్టె బలానికి లెక్క 1950ల్లోనే తేలింది. అమెరికాలోని మాడిసన్ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో కెల్లికట్, లాంట్ వేసిన సూత్రం ప్రకారం కాగితం తేమ ఒక్క శాతం పెరిగితే పెట్టె బలం 7 శాతం దాకా పోతుంది. 8 శాతం దగ్గర లెక్కగట్టి చేసిన పెట్టె 14కు చేరితే బలంలో మూడో వంతు మాయం. 16కు చేరితే మిగిలేది సగానికి కాస్త పైన. అదే ప్రయోగశాలలో బర్డ్ 1972లో చూపించింది ఇంకా ఇబ్బందికరమైన విషయం. బరువు కింద ఉన్న కాగితం ఎప్పుడూ తడి గాలిలో ఉన్నప్పటి కన్నా, గాలి తడి పొడిగా మారుతూ ఉన్నప్పుడు తొందరగా కుంగిపోతుంది. ఎందుకన్న దానిపై సిద్ధాంతాలు పోటీ పడుతూనే ఉన్నాయి. పెట్టె వాడేవాళ్లకు అర్థం కావాల్సింది తేలికే: తేమ ఎక్కువ ఉండటం కన్నా ఎక్కీ దిగీ ఉండటం ప్రమాదం.

విశాఖలో ఇది పాఠ్యపుస్తకంలో మాట కాదు. విలువలో చూస్తే దేశంలో సముద్రోత్పత్తుల ఎగుమతికి ముందు వరసలో ఉన్న రేవు ఇది. రొయ్యలు మైనస్ 18 డిగ్రీల దగ్గర మాస్టర్ కార్టన్లలో కూర్చుంటాయి. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న బయటి గాలికి మంచు బిందువు దాదాపు 26 డిగ్రీలు. అంతకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు కూడుతుంది. కార్టన్‌ను కోల్డ్ స్టోరేజీ నుంచి కంటెయినర్‌కు మార్చే కొద్ది నిమిషాల్లో అట్ట చెమర్చుతుంది, మళ్లీ లోపలికి పోయి గడ్డకడుతుంది, తలుపు తెరిచిన ప్రతిసారీ ఇదే తంతు. మైనం పూస్తే నీరు దిగదు, కానీ ఆ అట్టను మళ్లీ గుజ్జు చేయడం కష్టం. కొనే దేశాలు మైనం వద్దంటున్న కొద్దీ నీటిని తట్టుకునే ఇతర పూతల మీదకు చూపు మళ్లుతోంది. నా ఉద్దేశంలో ఖరీదైన పూత కన్నా ముందు లోడింగ్ చోట చల్లని, పొడి గాలి ఉన్న వాకిలి గది కట్టుకోవాలి. పూత కార్టన్ కార్టన్‌కూ ఖర్చు, గది ఒక్కసారి ఖర్చు.

గోడౌన్, రికార్డు గది, ఒప్పందం

గోడౌన్‌కు చెప్పే జాగ్రత్తలు కొత్తవి కావు. రీళ్లు నేల మీద కాకుండా చెక్కల మీద ఉండాలి, గోడకు ఆనకూడదు, రేపరు వాడబోయేదాకా చింపకూడదు. మరచిపోయే సంగతి ఒకటుంది. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర ఉన్న కాగితాన్ని నేరుగా బయటి ఉక్కలోకి తెచ్చి విప్పితే దాని మీద మంచు పడ్డట్టే. రేపరులోనే ఉంచి, బయటి వేడికి వచ్చాక విప్పాలి. పెద్ద దొంతరకైతే దీనికి ఒక రోజు చాలకపోవచ్చు. వానాకాలంలో గోడౌన్ తలుపులు బార్లా తెరిచి గాలి ఆడనివ్వాలన్న నమ్మకం కూడా ఇక్కడ పనిచేయదు. ఆడేది తడి గాలే.

రికార్డు గదులు, గ్రంథాలయాల విషయంలో పరిశోధనలు చెప్పేది పెట్టెల విషయంలో బర్డ్ చెప్పినదానికి దగ్గరగానే ఉంటుంది. గాలి తేమ 65, 70 దాటి నిలిస్తే బూజు ఖాయం, కనుక దాని లోపు ఉంచాలి, ఒకేలా ఉంచాలి. పగలు ఏసీ వేసి సాయంత్రం ఆపేసి తాళం వేసుకుపోయే పద్ధతి పాత దస్తావేజుకు ఏసీ లేని గది కన్నా మేలు చేస్తుందని చెప్పలేం. చల్లబడ్డ గోడలు, అరల మీదకు రాత్రి తడి గాలి చేరుతుంది. చిన్న డీహ్యూమిడిఫయరు రాత్రింబవళ్లు నడవడమే నయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు తడిసిన కాగితానికి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. 1988లో లెనిన్‌గ్రాడ్‌లోని సైన్స్ అకాడెమీ గ్రంథాలయం తగలబడి, ఆర్పిన నీళ్లకు పుస్తకాలు తడిస్తే చేపల కోల్డ్ స్టోరేజీల్లో గడ్డకట్టించి వ్యవధి సంపాదించారు. చేపల కోల్డ్ స్టోరేజీలకు లోటు లేని విశాఖలో రికార్డు గదుల విపత్తు ప్రణాళికలో ఆ పేర్లు ముందే రాసి ఉంచుకోవడం తెలివైన పని.

కొనుగోలు ఒప్పందాల్లో 'తేమ 8 శాతం మించరాదు' అన్న ఒక్క ముక్కే ఉంటుంది. ఇంకో రెండు వాక్యాలు చేరిస్తే ఫోన్లు చాలావరకు ఆగుతాయి. దించిన 24 గంటల్లో, రీలు పై చుట్లు కొన్ని తీసేసి లోపలి నుంచి నమూనా తీసి, మూత బిగిసే డబ్బాలో అక్కడే తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో, మొత్తం బరువు మీద లెక్క అని రాసుకోవాలి. హద్దు దాటితే ఎండిన నార బరువుకే డబ్బు అనీ రాసుకోవాలి. 10 టన్నుల క్రాఫ్ట్‌లో 7 శాతం తేమ ఉంటే నార 9.3 టన్నులు, 12 ఉంటే 8.8 టన్నులు. తేడా 500 కిలోలు, దాని ధరెంతో కొన్నవారికి తెలుసు. గుజ్జు వ్యాపారం ఈ దారిలోకి ఎప్పుడో వచ్చింది. అక్కడ గాలికి ఆరిన టన్ను అంటే 900 కిలోల ఎండు నార అని అందరికీ ఒకటే లెక్క, ఎంత తడిసి వచ్చినా.

ఇలాంటి లెక్క కలప దగ్గర అందేది కాదు. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరం వెంట సరుగుడు వేసే రైతు మిల్లుకు కలపను టన్నుల్లో తూచి అమ్ముతాడు. తాజాగా నరికిన కర్ర బరువులో మూడో వంతుకు పైగా నీరే. నరికిన నాడే కాటా ఎక్కితే ఆ నీటికీ ధర దక్కుతుంది. కూలీలు దొరకక, లారీ రాక, మిల్లు గేటు దగ్గర వరస కదలక వారం పది రోజులు ఎండలో ఉంటే నార గ్రాము కూడా తగ్గదు, రైతు డబ్బు మాత్రం తగ్గుతుంది. ఇందుకు తగ్గ కొలత సైన్సులో లేక కాదు. వరసలో నిలబడే ప్రతి లారీకీ నమూనా తీసి ఓవెన్‌లో పెట్టే ఖర్చు ఎవరు భరించాలన్నదే ఇబ్బంది. ఎన్ని రోజుల కర్రకు ఎంత తరుగు కలపాలో సీజన్ వారీగా ఒక పట్టిక వేసి గేటు దగ్గర అతికించడం మిల్లుకు కష్టమేమీ కాదు.

అన్నిటికన్నా మొండి సరుకు పాత కాగితం బేళ్లు. విదేశాల నుంచి రేవులకు దిగేవైనా, ఊళ్లో ఏరి కట్టినవైనా, వానలో తడిసిన బేలు పైన ఎండి లోపల ముద్దలా ఉంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 643 తేమ 10 శాతం దాటితే అదనపు బరువుకు డబ్బు తగ్గించుకోవచ్చంటుంది. కానీ బేలు నడిమిలో ఎంత ఉందో తేలాలంటే గొట్టం దింపి నమూనా తీయాలి. ఒక కంటెయినర్‌లో డజన్ల కొద్దీ బేళ్లుంటాయి, ప్రతి దానిలో అట్టలు, పత్రికలు, గ్లాసీ పుస్తకాలు కలగలిసి ఉంటాయి, ఒకే బేలులో రెండు చోట్ల గొట్టం దింపితే రెండు జవాబులొస్తాయి. మైక్రోవేవ్‌తో బేలును అటు నుంచి ఇటు చూసే యంత్రాలున్నాయి. పెద్ద మిల్లులకు అవి లాభం. చిన్న మిల్లుకు మిగిలేది వేబ్రిడ్జి మీది బరువు, బేలు మూలలో దూర్చిన సూదుల మీటరు, అమ్మినవాడితో ఉన్న పాత పరిచయం. ఇక్కడ ఒక్కో బేలుకు కాకుండా, లాటు మొత్తం నుంచి ఎన్ని బేళ్లను ఎలా ఎంచి కొలిస్తే ఇద్దరికీ న్యాయమో గణాంకాలతో తేల్చి, రేవులోనే ఇద్దరి ఎదుటా మూడో మనిషి చేత కొలిపించే ఏర్పాటు కావాలి. అది వచ్చేదాకా మీటరు సూదులు బేలు మూలలోనే దిగుతుంటాయి.